ఎవరూ ఎరుగని ఊరిలో

మనుష్యుడు మంచిగా నడుచుకొనుటకు అతనిలోని మంచి ఒక కారణము, నలుగురి కన్ను మరియొక కారణము. స్వగ్రామమున నివసించువాని విషయములో ఈ రెండింటిని విడదీసి చూచుట మిక్కిలి కష్టము. ఉదయము లేచి వీధిలోనికి వచ్చినది మొదలు అతనిని ఎరిగినవారే ఎదురగుదురు. అతని తాత ఎవరో, తండ్రి ఎట్టివాడో, ఆ ఇంటిలో ఏ పెండ్లికి ఎంత అప్పు చేసిరో అందరికిని తెలియును. అట్టిచోట తప్పుత్రోవ త్రొక్కకుండుట సుగుణమా, వెరపా? ఒక్కడే బయలుదేరి, ఎవరును ఎరుగని పట్టణమునకు పోయి, అద్దెగదికి తాళము తీసి లోనికి అడుగుపెట్టిన నాడుగాని ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

ఎమ్మిగనూరు బజారులో క్రొత్తముఖము కనబడినచో మొదటి ప్రశ్న “ఎవరి అబ్బాయివి నాయనా?” అనునది. పేరు అడుగుట ఆ తరువాత. ఆ ప్రశ్నలో ఆప్యాయత కొంత, లెక్క కొంత కలదు. అంగడివానికి దాని జవాబు జామీను వంటిది. ఫలానావారి కుమారుడని తెలిసినచో సరుకు నోటిమాట మీద ఇయ్యవచ్చును. బాకీ నిలిచినచో తండ్రి కలడు, మేనమామ కలడు, పెద్దమనుష్యులు కలరు. పరపతి అనునది ఒక్కని సొత్తు కాదు, ఇంటిల్లిపాది కూడబెట్టినది. ఊరు విడిచి ఒంటరిగా పోవువాడు పెట్టెలో బట్టలు పెట్టుకొని పోగలడుగాని ఈ పరపతిని పెట్టుకొని పోలేడు. బెంగుళూరులో దిగిన నాడు వానిని ఎవరి అబ్బాయివని అడుగువారుండరు. అడిగినను, వాడు చెప్పు పేరు అచ్చట ఎవరికిని తెలియదు.

ఈ ప్రాంతమువారికి వలస క్రొత్త కాదు. ఎమ్మిగనూరికి రైలు లేదుగాని, మద్రాసు బొంబాయి రైలుమార్గములు 1871లో రాయచూరు వద్ద కలిసినది మొదలు ఆదోనిలో బండి ఎక్కినవాడు ఏ మహానగరమునకైనను పోవచ్చును. వానలు తప్పిన యేట కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు ప్రాంతముల కూలిజనము సుగ్గికని గుంటూరు సీమ మిరప చేలకు పోవుదురు. ఇండ్లకు తాళములు వేసి, పిల్లలను బడి మాన్పించి వెంటబెట్టుకొని పోవుదురు. అందలి కష్టము చెప్పనలవి కాదు. అయినను అది గుంపుగా పోవుట. పక్క సాలున మిరపకాయలు కోయుచున్నది పొరుగింటి అక్కయే. ఊరు వారితోకూడ నడచిపోవును. ఇచ్చట విచారింపబూనినది వారిని గూర్చి కాదు. మగ్గము ఆగిన ఇంటి కుర్రవాడు, డిగ్రీ చదివిన అమ్మాయి, కొట్టు నష్టమై మూసివేసిన వర్తకుని తమ్ముడు, వీరు ఒక్కొక్కరుగా రాత్రి బస్సెక్కి పోవుటను గూర్చి.

భాష రాకపోవుటయే పరాయితనమని కొందరు తలంతురు. సరిహద్దు ప్రాంతమువారికి ఆ మాట నవ్వు పుట్టించును. ఎమ్మిగనూరు చేరియున్న ఆదోని తాలూకా 1953 వరకు బళ్లారి జిల్లాలోనిది. కోర్టుకైనను కలెక్టరు కచేరికైనను బళ్లారికే పోయెడివారు. ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రములో చేరినవి, బళ్లారి మైసూరులో చేరినది. ఎవరును ఇల్లు కదలకయే జిల్లా పట్టణము పరరాష్ట్రమైనది. అంగళ్లలో కన్నడము మాత్రము ఆగలేదు. కాబట్టి ఇచ్చటి కుర్రవాడు బెంగుళూరులో దారి అడుగగలడు, ధర అడుగగలడు, కండక్టరుతో పోట్లాడగలడు. అయినను ఆ నగరము వానికి పరాయిదే. నిన్నటి వరకు వాడు ఎట్లుండెనో తెలిసినవాడు అచ్చట ఒక్కడును లేడు.

అట్టిచోట మనుష్యుడు ఒక్కసారిగా దుర్మార్గుడు కాడు. సడలుట చిన్న విషయములతో మొదలగును. భోజనము వేళ తప్పును. ఇంటివద్ద ముట్టని పదార్థము ఒకనాడు స్నేహితుల నడుమ తినును. రుచికై కాదు, తాను తిననని చెప్పి వేరుగా కూర్చుండుట కష్టమై. ఆ రాత్రి తల్లికి ఫోనులో “పప్పన్నమే తిన్నానమ్మా” అని చెప్పును. ఆమె బాధపడకుండుటకై చెప్పినది గనుక అబద్ధముగా తోచదు. పూర్వము నెలకొక కార్డు వచ్చెడిది; నేడు ఆమె ప్రతిరాత్రియు కుమారుని ముఖమే ఫోనులో చూడగలదు. అయినను ఫోను ఎటు త్రిప్పిన అటే కనబడును. గదిలో ఏ మూల చూపవలెనో, ఏ మూల చూపరాదో నిర్ణయించువాడు కుమారుడే.

వర్తకులు గమనింపవలసినది మరియొకటి కలదు. ఊరిలో అప్పు పుట్టవలెనన్న ఇద్దరు ముగ్గురి ముఖము చూడవలెను. ఆ సిగ్గే సగము అప్పులను ఆపును. నగరములో ఒంటరిగా నున్నవానికి చేతిలోని ఫోనే అప్పిచ్చును. జామీను అడుగదు, దేనికని అడుగదు, మీ నాయనకు తెలియునా అని అసలే అడుగదు. వాయిదా తప్పిన నాడు మాత్రము ఆ ఫోనులోని పేర్లన్నిటికిని సందేశములు పంపి వాని పరువు తీసిన ఉదంతములు పత్రికలలో చదువరులు చూచియే యుందురు. మంచి చెప్పుటకు దొరకని నలుగురు, అవమానము నాటికి ఎచ్చటినుండియో వచ్చి చేరుదురు.

ఇంతవరకు చదివి, కావుననే ఊరు విడువరాదని పెద్దలు తల ఊపినచో అది తొందరపాటు. నలుగురి కన్ను ధర్మమునే చూచునని ఎవరు చెప్పిరి? అది కులమును చూచును. తండ్రి తీసిన దివాలాను చూచును. అన్న పెండ్లిలో జరిగిన తగాదాను ఇరువది యేండ్లు జ్ఞాపకముంచుకొనును. దివాలా తీసినవాని కుమారుడు ఎంత నిజాయితీపరుడైనను బజారులో వానికి అరువు పుట్టదు. ఊరి చివరి వాడలో పుట్టినవాడు ఎంత చదివినను, హోటలులో వాడు ఏ గ్లాసుతో నీళ్లు త్రాగెనో కనిపెట్టి చూచిన కాలమొకటి కలదు. అది పూర్తిగా పోయినదని ధైర్యముగా చెప్పగలవారు తక్కువ. అట్టివానికి ఎవరును ఎరుగని పట్టణము ఊపిరి పోయును. అచ్చట అతడు చేసిన మంచి అతని ఖాతాలోనే జమయగును. తాత బాకీకి చెల్లు పెట్టువారుండరు.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. కుమారుడు ఒంటరిగా పోయినచో ధైర్యవంతుడందురు, కుమార్తె పోయినచో “ఎట్లు పంపినారండీ?” అందురు. ఆమెకు ప్రమాదములు ఎక్కువయనుట నిజమే. కాని ప్రమాదము కలిగించువాడు మగవాడు, ప్రశ్న మాత్రము ఆమె తండ్రికి. హాస్టలులో అమ్మాయి రాత్రి ఎన్ని గంటలకు గది చేరెనో తెలిసికొన గోరువారు, అదే నగరములోనున్న తమ అబ్బాయి ఎన్ని గంటలకు చేరెనో విచారింపరు. సాక్షి అవసరమైనచో ఇద్దరికిని అవసరమే గదా!

ఈ విషయమున గాంధీమహాత్ముని యౌవనకథ, అందరును ఎరిగినదే అయినను, మరల నిదానముగా చదువదగినది. 1888లో ఆయనకు 18 సంవత్సరములు. బారిష్టరు చదువుకై లండను పోవలెనని కోరిక. ఆ దేశమున కుర్రవారు మాంసము తిని, మద్యము త్రాగి చెడిపోవుదురని ఎవరో చెప్పగా తల్లి పుత్లీబాయి భయపడి బేచర్జీ స్వామిని సలహా అడిగెను. ఆయన పుట్టుకచే మోఢ బనియా, పిదప జైనసాధువు. మద్యము, మాంసము, స్త్రీసంగమము, ఈ మూడింటి జోలికి పోనని ఆయన ప్రమాణము చేయించిన పిదపనే తల్లి సెలవిచ్చినది. బొంబాయిలో కులపెద్దలు సముద్రయానము కూడదని శాసించి, వినకపోగా వెలివేసిరి. సెప్టెంబరు 4వ తేదీన ఓడ బయలుదేరెను.

ఇందు పెద్దరికము రెండు విధములుగా కనబడుచున్నది. ఒకరు పోవలదని వెలివేసిరి. ఒకరు పోవువానికి త్రోవబత్తెము కట్టియిచ్చిరి. లండనులో ఆ కులపెద్దల ఆజ్ఞ ఆ కుర్రవానిని దేనినుండియు కాపాడలేదు. కాపాడినది ఆ ప్రమాణము. అదియు సులభముగా కాదు. ఉప్పుకారములు లేని ఉడికిన కూరలు గొంతు దిగకుండెను. ఒక స్నేహితుడు దినదినము వాదించెడివాడు: చదువురాని తల్లి ఎదుట, ఈ దేశపు స్థితిగతులు తెలియక చేసిన ప్రమాణము కూడ ఒక ప్రమాణమా? ఏ చట్టము దానిని ఒప్పుకొనును? వాదములో గాంధీ గెలిచినట్లు ఆయనయే చెప్పుకొనలేదు. ప్రమాణము ప్రమాణమే, తప్పుటకు వీలులేదని మాత్రము అనెను. దినమునకు పది పండ్రెండు మైళ్లు తిరిగి, చవుక హోటళ్లలో రొట్టెతో కడుపు నింపుకొని, తుదకు ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహారశాలను కనుగొనెను.

వర్తకునికి ఇందు మిక్కిలి విలువైనది గ్రుడ్డు ముచ్చట. మాంసమను మాటకు అచ్చటివారు పలు అర్థములు చెప్పెడివారు. పశువుల, పక్షుల కండయే మాంసమను అర్థము పట్టినచో చేపలును గ్రుడ్లును తినవచ్చును. ప్రమాణములోని మాటకు భంగము రాదు. కాని ప్రమాణము పుచ్చుకొన్న తల్లి మనస్సులో మాంసమన్నచో గ్రుడ్డుకూడ చేరియున్నది. ఆమె తలచిన అర్థమే తన్ను కట్టునని నిశ్చయించి ఆయన గ్రుడ్డు మానెను. ఆమె సముద్రముల కవతల నున్నది. తినినను ఆమెకు తెలియు దారి లేదు. మాట ఇచ్చినవాడు తనకు లాభమైన అర్థము తీసికొనరాదు, పుచ్చుకొన్నవాడు ఏ అర్థమున నమ్మెనో దానికే నిలువవలెను. బేరములలో ఈ నియమము పాటించు కొట్లు ఎన్ని కలవో బజారువారే చెప్పవలెను. మరియు ఆ నగరములో ఆయన ప్రతి కాణి ఖర్చును వ్రాసి, రాత్రి పరుండబోవు ముందు నిలువ సరిచూచుకొనెడివాడు. తప్పు పద్దు పట్టుకొనుటకు పక్కన ఎవరును లేరు గనుకనే ఆ పుస్తకము అవసరమైనది.

అందరి కథయు ఇంత చక్కగా లెక్క తేలదు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, 1920 దాటిన తొలియేండ్లలో ఒంటరిగా అమెరికాలోని బోస్టను చేరిరి. ఆ పయనమునకు మామగారి ధనమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు ఆసరా. ఆ సత్యలింగ నాయకర్ కూడ ఒకనాడు గోదావరి తీరము విడిచి రంగూను పోయి ధనమార్జించినవారే. ఒకరు ఎరుగని నగరములో సంపాదించినది మరియొకరికి ఎరుగని నగరమునకు దారిఖర్చు అయినది. బోస్టనులో సుబ్బారావుగారు ఆసుపత్రిలో రాత్రికూలి చేసి, రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్ట పోసికొనిరి. పిదప ఫోలిక్ ఆమ్లమును తయారుచేయుట, బోదవ్యాధి మందు, క్యాన్సరు చికిత్సకు దారితీసిన మందులు ఆయన నడిపిన పరిశోధనల నుండి వెలువడినవి. 1948లో న్యూయార్కున మరణించిరి. ఇంటివద్ద విడిచిపోయిన భార్య వద్దకు ఎన్నడును తిరిగి రాలేదు.

లోకమునకు జమ కట్టిన మొత్తము అపారము. ఆ ఇల్లాలి పద్దులో ఖర్చు వైపున ఏమి వ్రాయవలెను? ఎన్ని ప్రాణములు నిలిచినను ఈ పద్దు ఆ పద్దుతో చెల్లు కాదు. అట్టి మహనీయుని విషయమున ఈ ప్రశ్నయే అపచారమని కొందరందురు. కాని మహనీయులు కానివారు పెక్కుమంది, దుబాయిలోను బెంగుళూరులోను, నెలనెల డబ్బు పంపుచున్నామను లెక్క చూపి తాము రాకుందురు. వారి ఇండ్లలో ఎదురుచూచుచున్నవారికి ఈ ప్రశ్న అపచారముగా తోచదు.

శ్రావకుని గుణవ్రతములలో దిగ్వ్రతము ఒకటి. నాలుగు దిక్కులయందును ఇంత దూరమునకు మించి పోనని తనకు తానే ఎల్లలు ఏర్పరచుకొనుట దాని స్వరూపము. వర్తకులు ఎక్కువగా నున్న సమాజమునకు ఇట్టి వ్రతము చెప్పుట వింతగా తోచవచ్చును. మార్వాడమునుండి ఒక లోటా, ఒక త్రాడు పట్టుకొని బళ్లారి, ఆదోని, రాయచూరు వరకు వచ్చినవారు ఈ వ్రతమును ఏమి చేసిరి? ముందు దూరము పెంచుకొని పిదప వ్రతము పట్టిరని పరిహాసమునకు అనవచ్చును. అయితే ఆ ఎల్ల పాదములకు మాత్రమే కాదు, ఆశకును గీచినది. ఆకలి తరుమగా పోవువానికిని, ఉన్నది చాలక పోవువానికిని భేదము అచ్చటనే తెలియును. మొదటివానికి ఇల్లు గడిచిన నాడు ఎల్ల కనబడును. రెండవవాడు దానిని ఎప్పటికప్పుడు ముందుకు జరుపుకొనుచునే యుండును.

సాధువుల నియమము ఇంకను ఆలోచింపదగినది. మునియైనను సంఘము విడిచి ఒంటరిగా విహరించుటను మూలాచారము సామాన్యముగా ఒప్పుకొనదు. తపస్సున, జ్ఞానమున, ధైర్యమున పండినవానికే ఏకవిహారము. సాధ్వులు ఒంటరిగా పోనేపోరు. ఇల్లు, ధనము, పేరు అన్నియు విడిచినవానికే తోడు కావలెనన్నప్పుడు, ఏమియు విడువని 19 ఏండ్ల కుర్రవానికి ఒక పెట్టె, ఒక ఫోను ఇచ్చి, బస్సు కిటికీ వద్ద “జాగ్రత్త” అని ఒక్క మాట చెప్పి పెద్దలు ఎట్లు తృప్తిపడుచున్నారు? పన్నెండు అనుప్రేక్షలలో ఏకత్వభావన ఒకటి. జీవుడు ఒక్కడే పుట్టును, ఒక్కడే కర్మఫలము అనుభవించును అను చింతన అది. తనకై తాను చేసికొనవలసిన చింతన. జ్వరముతో తలుపు మూసిన గదిలో పడియున్నవానికి ఇతరులు దానిని బోధించుట క్రూరము.

పూర్వపు వర్తకులకు ఈ సంగతి తెలియును. కలకత్తా పోయిన మార్వాడీ కుర్రవానికి బాసా అను ఉమ్మడి వసతి, భోజనశాల ఉండెడిది. అచ్చట తిని, పరుండి, కొట్టులో పని నేర్చి, పిదప సొంతముగా నిలద్రొక్కుకొనెడివాడు. అన్నము పెట్టుచోటనే కనిపెట్టు కన్నును ఉండెడిది. అయితే బాసా తనవారికే. సత్రములు, హాస్టళ్లు పెక్కు అట్టివే. 2020 మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌను విధించినపుడు తనవారు లేనివారి గతి బయటపడెను. నగరములలో కట్టడములు లేపినవారు పిల్లలను భుజాన వేసికొని వందల మైళ్లు స్వగ్రామములకు నడచిరి. దారిలో అన్నము పంచిన పుణ్యాత్ములు అన్ని ఊళ్లలోను ఉండిరి. కాని ఏండ్ల తరబడి వారు పనిచేసిన వీధులలో, ఫలానావాడు రెండు దినములుగా కనబడలేదేమని వెదకినవారు అరుదు.

ఎమ్మిగనూరు కూడ ఎవరికో ఒకరికి ఎరుగని ఊరే. ఉత్తరదేశమునుండి వచ్చి ఆంధ్ర పట్టణముల మిల్లులలోను కట్టడములలోను పనిచేయు కుర్రవారు నేడు పెక్కుమంది. వారిని “ఏయ్ బీహారీ” అని కేక వేయుటయేగాని పేరు పెట్టి పిలుచుట తక్కువ. తన కుమారుని బెంగుళూరు ఎట్లు చూడవలెనని ఒక తండ్రి కోరుకొనునో, తన అంగడి ముందు బస్తాలు దింపు పరదేశిని తాను అట్లు చూచెనా?

పోవలసిన అవసరమే తగ్గించుట మరియొక ఉపకారము. మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరున చేనేతవారి సహకార సంఘము స్థాపించినపుడు, నూలునకును అమ్మకమునకును నేతగాడు పరుల గుమ్మము త్రొక్కనక్కరలేని దారి ఏర్పడినది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. పిదప మరమగ్గముల పోటీకి చేతిమగ్గము నిలువలేకపోయినది. తండ్రిని ఊరిలో నిలిపిన మగ్గము కుమారుని నిలుపలేదు.

కనుక పోవుదురు. అట్లు పోవువానికి ఇయ్యదగినది ధనముకంటె ముందు ఒక నియమము, అదియు వాడే ఎంచుకొన్నది. తండ్రి ఎంచి పెట్టినది మొదటి నెల దాటదు. ఆ పట్టణమున ఒక్కరి చిరునామా కావలెను, బంధువే కానక్కరలేదు. ఇంటికి అబద్ధము చెప్పనక్కరలేని చనువు వీటన్నిటికంటె కష్టము, ఏలయన అది ఇంటివారు ఇయ్యవలసినది. ఉద్యోగము పోయినదని, డబ్బు పోగొట్టుకొంటినని, తినరానిది తింటినని చెప్పినపుడు కేకలు వేయు ఇంటికి, “అంతా బాగున్నది” అనియే సమాచారము వచ్చుచుండును.

నీలకంఠేశ్వరస్వామి జాతరకు వీరందరును వత్తురు. క్రొత్త చొక్కాలతో రథము వెంట నడచుచున్నవారిని ఆపి, జీతమెంత, గది అద్దె ఎంత, పెండ్లి ఎప్పుడని ఊరివారు అడుగుదురు. మొన్న జ్వరము వచ్చినపుడు మంచినీళ్లు ఎవరిచ్చిరి అని అడుగువారు తక్కువ. ఎవరైనను అడిగినచో కొందరు వెంటనే ఒక పేరు చెప్పుదురు. కొందరు నవ్వి, జాతరలో ఎద్దుల ధరలు ఎట్లున్నవని మాట మార్చుదురు.